ఒక్క పేజీలో ఎరువుల కొట్టు

మా స్నేహితుడికి పల్నాడులో ఎరువుల కొట్టు ఉంది. ఆయన కూతురు గుంటూరులో ఎం.కాం. మొదటి ఏడాది. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఒక కాగితం తెచ్చి, "బాబాయ్ గారూ, ఇదోసారి చూసి పెడతారా? బ్యాంకులో ఇంటర్న్‌షిప్‌కి పంపాలి" అంది. అచ్చుతప్పులుంటే దిద్దమంటోంది కాబోలు అనుకుని కళ్లజోడూ ఎర్ర పెన్నూ తీసుకున్నాను. సగం పేజీ చదివేసరికి పెన్నుకు మూత పెట్టేశాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. మూడోసారి చదువుతుంటే మా ఆవిడ, "ఏమిటండీ, అప్పు కాగితమా, అంత గుచ్చిగుచ్చి చూస్తున్నారు?" అంది.

ఒక రకంగా అప్పు కాగితమే. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో నేను చదివినవన్నీ అవే. ఫలానా మనిషికి ఇంత ఇవ్వొచ్చా, ఇస్తే తిరిగొస్తుందా అని తేల్చే అప్రైజల్ నోట్లు. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుదీ అదే జాతి. ఈ పిల్లకు రెండు నెలలు మన బల్ల దగ్గర చోటిస్తే, ఒక ఆఫీసరు పని మానుకుని నేర్పిస్తే, అది వృథా పోదని నమ్మకమేంటి? అడిగేది అదొక్కటే. చివరి ఏడెనిమిదేళ్లు వేసవి ఇంటర్న్‌ల ఎంపికలో నేనూ కూర్చున్నాను కాబట్టి అలాంటి కాగితాలు వందల్లో చూశాను. ఇంత పనితనం ఉన్నది చూడలేదు. అందుకే దాని గురించి రాయాలనిపించింది. అమ్మాయి సరేనంది. పేరూ ఊరూ మాత్రం రాయొద్దంది.

మామూలుగా వచ్చేవి ఎలా ఉంటాయో ముందు చెప్పాలి. కష్టపడే తత్వం, నలుగురితో కలిసి పనిచేసే గుణం, నాయకత్వ లక్షణాలు, చిన్నప్పటి నుంచీ ఫైనాన్స్ అంటే ప్రాణం. ఇడ్లీ రేకులో పోసినట్టు అన్నీ ఒకే సైజు. కవర్ లెటర్‌లో మా బ్యాంకు పేరుండాల్సిన చోట ఇంకో బ్యాంకు పేరు ఉండిపోయినవి ఏటా రెండు మూడు తగిలేవి. వాటిని చూసి నవ్వుకునేవాళ్లం. పేరు సరిగ్గా ఉన్నవాటిలో మాత్రం ఏముంది గనక? పేరు తీసేస్తే అవీ ఏ బ్యాంకుకైనా సరిపోయేవే.

ఈ అమ్మాయి కాగితంలో తనను పొగుడుకునే విశేషణం ఒక్కటీ లేదు. పట్టుబట్టి వెతికాను. 'చేతిరాత' అనే మాట దొరికింది. అదీ పుస్తకాన్ని గురించే.

పైన చదువు, మార్కులు, రెండు లైన్లు. కింద ఎక్సెల్, ట్యాలీ వచ్చని ఒక లైను. మధ్యలో ఉన్నదే అసలు సరుకు. కాగితం ఇంగ్లిషులో ఉంది గానీ సారం ఇది: కుటుంబ వ్యాపారం, ఎరువులు, పురుగుమందులు. 212 మంది రైతుల అరువు ఖాతాలను చేతిరాత పుస్తకం నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించాను. డిసెంబరు 31 నాటికి రావాల్సిన బాకీ 18.40 లక్షలు. అందులో 90 రోజులు దాటింది 65 శాతం. పంట అమ్ముడుపోయాక కూడా కట్టనిది 12.5 శాతం.

అంతే. ఐదు ముక్కలు.

ముందు క్రియ చూడండి. ఎక్కించాను. 'నిర్వహించాను' అనలేదు, 'పర్యవేక్షించాను' అనలేదు, 'డిజిటలైజేషన్‌కు నాయకత్వం వహించాను' అసలే అనలేదు. చేసింది ఎక్కించడమే. ఆ మాట చదివితే కొట్టులో కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో పుస్తకం పేజీ నొక్కిపట్టి, ఇంకో చేత్తో అంకెలు కొడుతున్న పిల్ల కనిపిస్తుంది. ఎంపిక కమిటీలో ఉన్నవాళ్లకు కనిపించాల్సిందీ ఆ పిల్లే.

ఇక చివరి రెండు అంకెలు. 65, 12.5. పక్కపక్కనే పెట్టి ఊరుకుంది. బ్యాంకులో పనిచేసినవాడెవడైనా అక్కడ ఆగిపోవాల్సిందే. ఒకే పుస్తకం, ఒకే తేదీ, ఒకే రైతులు. మరి ఇంత తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

ఎరువుల కొట్టు అరువు క్యాలెండరు చూసి నడవదు. జులై, ఆగస్టుల్లో మొదలుపెట్టి డీఏపీ, యూరియా, పురుగుమందు డబ్బాలు కొట్టు దాటిపోతూ ఉంటాయి. డబ్బు పంటతోనే వెనక్కి వస్తుంది. పత్తి అయితే నవంబరు నుంచి తీతలు. వరి అయితే డిసెంబరులో నూర్పిళ్లు. మిర్చి అయితే సంక్రాంతి దాటాక కోసి, కల్లాల్లో ఆరబోసి, టిక్కీలకెత్తి, గుంటూరు యార్డులో కాటా వేయించాకే. డిసెంబరు 31న పుస్తకం తెరిస్తే ఆగస్టులో మిర్చి రైతు పేరున రాసిన బాకీకి నాలుగు నెలల వయసు దాటి ఉంటుంది. చేలో కాయ ఇంకా ఎర్రబడనే లేదు. దాన్ని మొండి బాకీ అంటే కొట్టు యజమాని మన మొహం చూసి నవ్వుతాడు.

బ్యాంకుకు మాత్రం 90 రోజులంటే గీత గీసినట్టే. 2004 మార్చి 31 నుంచి మన దేశంలో కిస్తీ గానీ వడ్డీ గానీ 90 రోజులకు మించి నిలిచిపోతే ఆ అప్పు నిరర్థక ఆస్తి, మా వాడుకలో ఎన్‌పీఏ. కొట్టుకు క్యాష్ క్రెడిట్ ఇచ్చి, నెలనెలా డ్రాయింగ్ పవర్, అంటే ఎంతవరకు వాడుకోవచ్చో, లెక్క కట్టేటప్పుడూ సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను లెక్కలోంచి తీసేస్తాం. ఆ కొలతతో చూస్తే ఈ కొట్టు పుస్తకంలో దగ్గర దగ్గర మూడింట రెండొంతులు లేనట్టే. మరి అదే రిజర్వు బ్యాంకు పంట రుణాల దగ్గరికొచ్చేసరికి రోజులు పక్కనపెట్టి సీజన్లు లెక్కపెడుతుంది. తక్కువ కాలపు పంటకు రెండు సీజన్లు, ఏడాదికి మించిన పంటకు ఒక సీజను బాకీ పడ్డాకే ఎన్‌పీఏ. అంటే రైతు బ్యాంకులో తీసుకున్న అప్పుకు ఒక కొలత, అదే రైతు కొట్టులో పెట్టిన బాకీకి ఇంకో కొలత. తీర్చాల్సింది మాత్రం ఆ చేనే.

ఈ చిక్కు నాకు కొత్త కాదు. ఎన్ని ఎరువుల కొట్లకు నోట్లు రాశానో. రెండు కొలతలూ వేసి పక్కపక్కన చూపించిన నోటు ఒక్కటీ నా చేతి నుంచి రాలేదు. అమ్మాయి ఆ పని చేసింది, పైగా ఏది సరైందో చెప్పడానికి పూనుకోలేదు. బ్యాంకు కొలత తప్పని వాదిస్తే అది పంతొమ్మిదేళ్ల పిల్ల ఉపన్యాసం అయ్యేది. మా నాన్న కొట్టు బంగారం అంటే కూతురి మాట అయ్యేది. అంకెలు రెండూ వేసి, ఎదుటివాణ్ణి అడగనిచ్చింది. పంతొమ్మిదేళ్లని నోరు జారాను గానీ ఇరవై రెండు నిండాయిట, మొన్న చెప్పి కోప్పడింది.

ఆ షీటు చూపించమన్నాను. లాప్‌టాప్ తెచ్చింది. పేర్ల కాలమ్‌లో పేర్లు లేవు, 1 నుంచి 212 దాకా అంకెలున్నాయి. "పేర్లు నాన్న దగ్గరే ఉన్నాయండి. వాళ్ల బాకీలు బయటివాళ్లు చూడకూడదు కదా" అంది. ఉద్యోగంలో చేరినప్పుడు మా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు, ఖాతాదారు సంగతులు బయట పెట్టబోమని. 1970 నాటి జాతీయీకరణ చట్టంలోనే ఉంది ఆ షరతు. సంతకం పెట్టి మర్చిపోయినవాళ్లనూ చూశాను. ఈ పిల్ల చేత ఎవరూ పెట్టించలేదు.

ఇంకో కాలమ్ దగ్గర ఆగాను. 'పట్టా', 'సాగు' అని పక్కపక్కన రెండు గడులు. కొన్నిచోట్ల రెండింట్లో ఒకే అంకె, చాలాచోట్ల వేర్వేరు. కౌలు రైతులన్నమాట. భూమి ఒకరిది, దున్నేది ఇంకొకరు, కొట్టులో బాకీ దున్నేవాడి పేరున. బ్యాంకు మెట్లెక్కితే పట్టా కాగితం అడుగుతారు, అది అతని దగ్గర ఉండదు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు కార్డు ఇస్తారు గానీ అదీ యజమాని ఒప్పుకుంటేనే. ఆ దారి కుదరనివాడికి మిగిలేది ఎరువుల కొట్టు అరువే, నూటికి రెండు రూపాయల వడ్డీతో. వాళ్ల నాన్న వేసే వడ్డీ కూడా అంతే. దాన్నీ దాచలేదు, షీటు పైగడిలో వేసింది. ఇంత సరుకుండి కూడా పేజీ మీద కౌలు సంగతి ఒక్క ముక్క రాయలేదేమని అడిగితే, "చోటు చాల్లేదండి. అడిగితే చెబుతాను" అంది. చేతిలో ఉన్నదంతా బల్ల మీద పరిచేయకపోవడం కూడా పనితనమే. నేను ఆ వయసులో అయితే పరిచేసేవాణ్ణి.

షీటులో రంగులు గమనించాను. కొన్ని అంకెలు నీలం, కొన్ని నలుపు. పెద్ద పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో మోడల్ కట్టేవాళ్ల అలవాటిది. చేత్తో కొట్టిన అంకె నీలం, ఫార్ములా తేల్చిన అంకె నలుపు, ఇంకో షీటులోంచి తెచ్చుకుంటే ఆకుపచ్చ. అర్ధరాత్రి ఎవరో ఫైలు తెరిచినా ఏది నమ్మి తీసుకున్న అంకె, ఏది లెక్కలో పుట్టిన అంకె అన్నది రంగు చూసి తెలిసిపోతుంది. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ వైపు అద్దాల మేడల్లో రోజూ అదే పని. ఈ పిల్ల యూట్యూబ్‌లో చూసి నేర్చుకుందిట. నేర్చుకున్నది కొట్టు పుస్తకానికి వాడాలని తోచడం మాత్రం యూట్యూబ్‌లో ఉండదు.

షీటు అడుగున ఒంటరిగా ఒక గడి. అందులో సున్నా. నాన్న పుస్తకంలో చేత్తో కూడిన మొత్తంలోంచి షీటు మొత్తం తీసేస్తే వచ్చేది అక్కడ పడుతుంది. "మొదట్లో సున్నా రాలేదండి. 2,700 తేడా వచ్చింది" అంది. నేను నోరు తెరిచేలోపే, "తొమ్మిదితో భాగించాను. 300. అంటే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి. 3,600ని 6,300 అని కొట్టానండి, 88వ ఖాతాలో" అంది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు అటూ ఇటూ అయ్యాయేమో చూడమనేది పాతకాలపు గుమాస్తాల కిటుకు. కంప్యూటర్లు వచ్చాక మా బ్రాంచిలో కొత్తవాళ్లెవరూ ఆ మాట విని ఎరగరు. ఎవరు చెప్పారంటే, "నాన్నకి మా కొట్టు గుమాస్తా చెప్పాట్ట" అంది. ఆ కిటుకు గురించీ పేజీ మీద లేదు. ఆ సున్నా ఉంది కాబట్టే 18.40 అనే అంకె అంత నిబ్బరంగా నిలబడింది.

అన్నీ మెచ్చుకుంటూ పోతే నమ్మరు కాబట్టి నాకు నచ్చనివీ చెబుతాను. 'పైథాన్' అని ఒక మాట ఉంది. ఎంతవరకు వచ్చని అడిగాను. మూడు వారాల ఆన్‌లైన్ కోర్సు, ఇప్పుడు సగం గుర్తులేదట. కొట్టేసింది. 'పుస్తక పఠనం' అని ఇంకోటి. చివర చదివిన పుస్తకమేదంటే తల గోక్కుంది. అదీ పోయింది. కవర్ లెటర్ మొదటి చిత్తు ఫోన్‌లో ఏఐ చేత రాయించిందట. అదీ చూపించింది. ఇంగ్లిషు వెన్నలా ఉంది. పట్టుకుందామంటే ఎక్కడా పిడికిలికి దొరకదు. "నాకూ అలాగే అనిపించిందండి. మా కొట్టు గురించి దానికేం తెలుసు?" అని తీసి పారేసి, తనే రాసుకుంది. పది లైన్లు. ఇంగ్లిషు అక్కడక్కడా తడబడింది, రెండు చోట్ల సరిచేశాను. మొదటి లైనులోనే ఫలానా విభాగంలో ఎందుకు చేరాలనుకుంటోందో ఉంది: పంట కొలతతో బాకీ చూడటం బ్యాంకులో ఎక్కడైనా చేస్తారా, చేస్తే ఎలా అన్నది దగ్గరుండి చూడాలని. ఆ లైను ఇంకో బ్యాంకుకు పంపితే కుదరదు, ఆ విభాగం ఉన్న బ్యాంకుకే కుదురుతుంది. ఆ వెతుకులాటకే వారం పట్టిందట.

ఎక్కడెక్కడ దరఖాస్తు చేయొచ్చన్నది ఈ వ్యాసం పని కాదు గానీ, అడిగేవాళ్లుంటారు కాబట్టి రెండు మాటలు. రిజర్వు బ్యాంకు వేసవి ఇంటర్న్‌షిప్ ఉంది, ఏటా గరిష్ఠంగా 125 మందిని తీసుకునే పథకం. దరఖాస్తులు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 లోపు, నెలకు 20,000 స్టైపెండు. చివరి ఏడాదికి ముందు ఏడాదిలో ఉన్నవాళ్లకే. అంటే రెండేళ్ల పీజీలో మొదటి ఏడాది వాళ్లకు. ఈ అమ్మాయి జనవరిలో మేలుకుంది, ఆ బండి వెళ్లిపోయింది. నాబార్డుకూ విద్యార్థుల ఇంటర్న్‌షిప్ పథకం ఉంది, పల్లెల్లో తిరిగే ఓపిక ఉంటే మంచిది. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి చాలామంది అడుగుతారు, మొదలైనప్పటి నిబంధనల ప్రకారం అది పూర్తికాలం చదువుతున్నవాళ్లకు వర్తించేది కాదు. సీఏ చదివేవాళ్ల ఆర్టికల్‌షిప్ వేరే లోకం, 2023 కొత్త పద్ధతిలో అది మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఇక ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేవాళ్లుంటారు. ఈ అమ్మాయి ఫోన్‌కూ అలాంటి మెసేజి వచ్చింది, 4,999 రూపాయలకు ఇంటర్న్‌షిప్పూ, సర్టిఫికెట్టూ, లెటరాఫ్ రికమెండేషనూ. పని నేర్పేవాడు జీతమివ్వకపోతే పోనీ, ఎదురు డబ్బు అడిగితే అది కొట్టు, ఆఫీసు కాదు.

జనవరి చివర్లో మూడు చోట్లకు పంపింది. రెండు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడోచోట ఫిబ్రవరిలో పిలిచారు.

ఇంటర్వ్యూ నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. ముగ్గురున్నారట. ఇరవై నిమిషాల్లో ఒక్కరూ "మీ గురించి చెప్పండి" అనలేదట. మొదటి ప్రశ్నే, "ఈ 65కీ 12.5కీ తేడా ఏంటమ్మా?" ఈ పిల్ల వేసి ఉంచిన దారిలోనే ముగ్గురూ నడుచుకుంటూ వచ్చారు. పంటల గురించి అడిగారు, చెప్పింది. కౌలు సంగతి వాళ్లంతట వాళ్లే అడిగారు, పట్టా, సాగు కాలమ్ గురించి అప్పుడు చెప్పింది. నేను బ్యాంకు వైపు కూర్చుని ఎన్నో ఇంటర్వ్యూలు చేశాను గానీ, బల్లకు అటుపక్క కాగితం మమ్మల్ని ఇలా నడిపించిందని ఒప్పుకోవాల్సిన సందర్భం ఒక్కటీ గుర్తు రావడంలేదు.

అప్పుడు మూలన కూర్చున్న ఆవిడ, అంతవరకూ మాట్లాడనావిడ, అడిగిందట. "2021-22లో మిర్చికి నల్ల తామర పురుగు పడింది కదా. చేలకు చేలే పీకేశారు. ఆ ఏడాది మీ 12.5 ఎంతుండేది?"

కొలత మొత్తం పంట చేతికొస్తుందన్న నమ్మకం మీద నిలబడింది. పంటే రాకపోతే? పేజీలో ఆ జాడే లేదు. నేను మూడుసార్లు చదివి మురిసిపోయాను, నాకూ తట్టలేదు.

"ఏం చెప్పావమ్మా?"

"ఆ ఏడాది పుస్తకం మా ఇంట్లోనే ఉందండి, నేను తెరవలేదు అని చెప్పాను."

"ఏమన్నారు?"

"తెరవమన్నారు."

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. రెండు నెలలు, ఏప్రిల్ మధ్య నుంచి. స్టైపెండు ఉంది. వాళ్ల నాన్న మిఠాయి పట్టుకుని వచ్చాడు. ఉగాదికి అమ్మాయి మళ్లీ లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఆ పుస్తకం తెరిచిందట. అటక మీద పురుగుమందుల అట్టపెట్టెలో దొరికింది. ఎక్కించడం మొదలుపెట్టింది గానీ సగంలో ఆగిపోయింది. కొన్ని ఖాతాల పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి ఉంది. 38 లెక్క తేలాయి. ఆ ఖాతాల్లో ఆ ఏడాది వడ్డీ వేయలేదు, అసలు మాత్రం వాళ్ల నాన్న మరుసటి ఏడాది పుస్తకంలోకి ఎత్తి రాశాడు. బ్యాంకులో దీన్ని రీషెడ్యూల్ అంటాం. విపత్తు వచ్చినప్పుడు పంట రుణాలకు ఎలా చేయాలో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలున్నాయి, ఎంత పంట పోయింది, ఎవరు ప్రకటించాలి, ఎన్నేళ్లకు విడగొట్టాలి, అన్నీ. ఈ 38 మందికి ఏ కమిటీ ప్రకటించింది?

"నాన్నని అడిగానండి. 'ఆ ఏడు వాళ్లనడగలేదమ్మా, ఏం పెట్టి కడతారు?' అన్నాడు. ఏ లెక్కన ఎంచావు అంటే, చేను చూసొచ్చాను అన్నాడు."

షీటు తిప్పి చూపించింది. కొత్త కాలమ్ వేసింది, పైన పేరు పెట్టలేదు. గడులు ఖాళీగా ఉన్నాయి.

"ఇవి పుస్తకంలో అంకెలు కావు, ఫార్ములా వేస్తే వచ్చేవీ కావు. ఏ రంగులో వేయమంటారు బాబాయ్ గారూ?"

కాసేపు ఆలోచించి నీలం అన్నాను. చేత్తో చుట్టినవే కదా.